పర్లాకిమిడిలో డేటా మార్చే కొట్టు: పని మంచిదే, లింకుల సంగతి ముందే చెప్పండి

పాత కంప్యూటర్‌లో ఉన్నదంతా కొత్తదానిలోకి మార్చి ఇచ్చే కొట్టు ఒకటి పర్లాకిమిడిలో ఉంది. వేగానికీ మాట తీరుకూ మంచి మార్కులే వేస్తాను. ఫైళ్ల లింకుల దగ్గర మాత్రం మొదటి విడతలో నాకు ఒళ్లు మండింది. ఫిర్యాదు కూడా ఉంది కాబట్టి పేరు రాయడం లేదు.

నాది పెళ్లి ఫోటోల పని. ఇక్కడ సంబంధాలు రాష్ట్రాల సరిహద్దు చూసి కుదరవు. అమ్మాయిది పర్లాకిమిడి అయితే అబ్బాయిది పాతపట్నం. ఒకరికి హస్తగంఠి (ఒడియా పెళ్లిలో వధూవరుల చేతులు కలిపి కట్టే తంతు) ముఖ్యం, మరొకరికి జీలకర్ర బెల్లం. ఒకే ఫోటో ఆడపెళ్లివారి ఫోల్డర్‌లో ఉండాలి, మగపెళ్లివారి ఫోల్డర్‌లో ఉండాలి, ఆల్బమ్‌కు ఎంచినవాటిలోనూ ఉండాలి. మూడేసి కాపీలు పెడుతూ పోతే ఏ డిస్కు చాలుతుంది? అందుకే విండోస్‌లో ఎంకేలింక్ ఆదేశంతో హార్డ్ లింకులు, అంటే ఒకే ఫైలుకు అదనపు పేర్లు, చేసుకుంటాను. బడిలో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు ఉన్న పిల్లవాడిలాంటిది ఆ ఫైలు. ఒక పేరు చెరిపేసినా మిగతా పేర్లతో ఫోటో తెరుచుకుంటుంది. చివరి పేరు పోయినప్పుడే డిస్కులో చోటు ఖాళీ అవుతుంది. విండోస్ డిస్కులో ఫైళ్లు సర్దే పద్ధతి ఎన్‌టీఎఫ్‌ఎస్; అది ఒక ఫైలుకు 1024 పేర్ల దాకా ఒప్పుకుంటుంది. అంతమంది వియ్యంకులు ఎవరికీ ఉండరు లెండి.

కొట్టువాళ్లకు రెండు పనులు అప్పగించాను. విండోస్‌కు బదులు లినక్స్ వేసిన కొత్త కంప్యూటర్‌లోకి మొత్తం మార్చాలి; బరంపురంలో ఆల్బమ్ డిజైన్ చేసే ఆయనకు పంపడానికి ఒక పోర్టబుల్ డిస్కు సిద్ధం చేయాలి. ఆయనది మ్యాక్. మ్యాక్ తనంతట తాను ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కును చదువుతుందే గానీ దాని మీద రాయదు. కనుక కొట్టులోని కుర్రవాడు డిస్కును విండోస్, మ్యాక్ రెండూ చదివి రాయగల ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేశాడు. అంతవరకు తెలివైన పనే. అయితే ఎక్స్‌ఫ్యాట్‌లో హార్డ్ లింకు లేదు, సింబాలిక్ లింకూ (అసలు ఫైలు ఉన్న దారి చూపే లింకు) లేదు. ప్రతి పేరూ విడి ఫైలుగా మారి, పని సగంలో ఉండగానే డిస్కు నిండిపోయింది. అప్పుడు యజమాని అన్న మాట: “డూప్లికేట్లు చాలా ఉన్నాయి బాబూ, ఏరి తీసేయమంటారా?” గట్టిగా వద్దన్నాను. అసలు డిస్కులో వాటిని తీసేస్తే రవ్వంత చోటు కూడా ఆదా కాదు. పైగా ఏదో ఒక ఇంటివారి ఫోల్డర్ ఖాళీ అవుతుంది.

లినక్స్ వైపు వేరే తంటా. ఆల్బమ్ డిజైన్ల ఫోల్డర్‌కు నేను సింబాలిక్ లింకు పెట్టుకున్నాను. అందులో డేటా ఉండదు, దారి మాత్రమే రాసి ఉంటుంది. ఆ దారి డి డ్రైవ్‌తో మొదలవుతుంది. లినక్స్‌లో డి డ్రైవ్ అనేదే లేదు. ఫైళ్లన్నీ చేరాయి, లింకు మాత్రం ఎక్కడికీ పోదు. లింకు ఉన్న చోటు నుంచి లెక్కపెట్టే సాపేక్ష దారి ఇచ్చి ఉంటే ఈ గొడవ ఉండేది కాదు. ఇలాంటివి కాపీ చేసేటప్పుడు కనిపెట్టి చెప్పాలని కదా డబ్బిచ్చేది!

లినక్స్‌కు నమూనా అయిన యూనిక్స్‌లో సింబాలిక్ లింకులు 1983 నాటి 4.2బీఎస్‌డీ వెర్షన్ నుంచి ఉన్నాయి. విండోస్‌కు అవి విస్టాతో గానీ రాలేదు. వచ్చాక కూడా మామూలుగా అడ్మినిస్ట్రేటర్ అనుమతి కావాలి. 2017లో విండోస్ 10కు వచ్చిన మార్పుతో డెవలపర్ మోడ్ (ప్రోగ్రాములు రాసేవారి సెట్టింగ్) పెట్టుకుంటే ఆ పట్టు సడలింది. డెస్క్‌టాప్ మీద కనిపించే షార్ట్‌కట్ ఈ జాతిది కాదు. అది వేరే ఫైలు, చాలా ప్రోగ్రాములకు అది చూపే చోటు తెలియదు. మ్యాక్‌లోని ఎలియాస్ మరో రకం: అసలు ఫైలును అదే డిస్కులో వేరే ఫోల్డర్‌కు జరిపినా వెతికి పట్టుకుంటుంది. సింబాలిక్ లింకుకు ఆ నేర్పు లేదు.

రెండో విడత పని చూసి కోపం తగ్గింది. కుర్రవాడు కొత్త డిస్కును లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఫార్మాట్ చేసి, ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ ప్రోగ్రాముకు పెద్ద హెచ్ గుర్తు జోడించి మళ్లీ కాపీ చేశాడు. ఆ గుర్తు లేకపోతే ఆర్‌సింక్ కూడా హార్డ్ లింకులను విడి ఫైళ్లుగానే దింపుతుంది. నేను అడగకముందే ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ ఆదేశంతో ఒక ఫోటో చూపించాడు: మూడు పేర్లకూ ఒకటే ఐనోడ్ సంఖ్య (డిస్కులో అసలు ఫైలుకు ఉండే గుర్తు సంఖ్య), పక్కన లింకుల లెక్క 3. డిజైన్ల లింకును కూడా సరిచేసి ఇచ్చాడు. పోర్టబుల్ డిస్కులో ఆల్బమ్ ఫోల్డర్ ఒక్కటే వేయించుకున్నాను. ఎలాగూ డిజైనర్‌కు మిగతావి అక్కర్లేదు.

రెండో విడతకు అదనంగా పైసా తీసుకోలేదు, ఇది రాయకపోతే అన్యాయం. తెలుగులో చెప్పినా ఒడియాలో చెప్పినా పని నడుస్తుంది. డిస్కు మాత్రం మీరే కొని పట్టుకెళ్లండి, వాళ్ల దగ్గర ధర ఎక్కువ.