ఓబీ డంపు వాలుకు కొబ్బరి పీచు జాలి: 700 గ్రాముల రకమే కొనండి

బొగ్గు ఓపెన్‌కాస్టుల్లో ఓబీ (ఓవర్‌బర్డెన్, అంటే బొగ్గు పైనుంచి తవ్వి తీసిన మట్టీ రాళ్లూ) పోసిన డంపుల వాలు మీద పరిచే కొబ్బరి పీచు జాలి, అదే కాయర్ జియోటెక్స్‌టైల్, డబ్బు పెట్టదగ్గ సరుకే. గడ్డి వేరు దిగేదాకా పైమట్టిని వానకు కొట్టుకుపోనివ్వదు. రెండు మూడేళ్లలో కుళ్లి మట్టిలో కలిసిపోతుంది. ప్లాస్టిక్ జాలి అయితే ముక్కలై వాగుల్లో తేలుతుంది. కానీ డంపు జారడాన్ని మాత్రం ఇది ఆపలేదు. మొత్తం వాలు 28 డిగ్రీలకు దించకుండా, అడుగున టో వాల్ (డంపు పాదాన్ని ఆపే గోడ) కట్టకుండా జాలి పరిస్తే ఆ డబ్బు నీళ్లపాలే.

ఐఎస్ 15869 అనే భారతీయ ప్రమాణంలోని 400, 700, 900 గ్రాముల (చదరపు మీటరుకు తూకం) రకాల్లో చాలామంది ధర చూసి 400 తీసుకుంటారు. రోడ్డు కట్టలకు అది సరిపోవచ్చు గానీ ఇసుకరాయి గడ్డలున్న ఓబీ మీద దారాలు త్వరగా తెగుతాయి. సరుకు దిగగానే మీటరు చదరం ముక్క కోసి, బాగా ఎండబెట్టి తూచండి. చెమ్మ పట్టిన పీచు తూకంలో మోసం చేస్తుంది.

చుట్ట కొలత కూడా చూసుకోవాలి. 2 మీటర్ల వెడల్పు, 50 మీటర్ల పొడవున్న 700 రకం చుట్ట 70 కిలోలు తూగుతుంది, ఇద్దరు మోయగలరు. 4 మీటర్లది 140 కిలోలు, వాలు మీద దాన్ని అదుపు చేయడం ప్రమాదం. డంపులో మెట్టులా ఉండే ఒక్కో బెంచి 30 మీటర్ల ఎత్తు, 37 డిగ్రీల వాలు ఉంటే వాలు పొడవే 50 మీటర్లు. పైఅంచు పాతే కందకంలోకి దించడానికి ఏమీ మిగలదు కాబట్టి అతుకు తప్పదు. అతుకు దగ్గర పై ముక్క కింది ముక్క మీదికి రావాలి, పెంకుల కప్పులాగా. తిరగేస్తే నీళ్లు జాలి కిందికి దూరి కాలవలు కోస్తాయి.

అసలు దెబ్బ తగిలేది నేల తయారీలోనే. రాళ్లు ఏరకపోతే జాలి వాటి మీద గుడారంలా నిలబడుతుంది. గింజ మొలిచినా పైన నీడ తప్ప లాభం లేదు, కింద మట్టి కోసుకుపోతూనే ఉంటుంది. ముందు గాట్లు పూడ్చి, అడుగు మందం పైమట్టి పరిచి, దీనానాథ్ గడ్డి, స్టైలో విత్తనం చల్లి, ఆపైన జాలి వేయండి. పైఅంచును అడుగు లోతు కందకంలో పాతి మట్టి దట్టించాలి. పక్కల 15 సెంటీమీటర్లు ఒకదానిమీదొకటి రావాలి. వదులు మట్టిలో పొట్టి పిన్నులు నిలవవు, అడుగు పొడవున్న యూ పిన్నులు కొట్టండి. వేప, కానుగ మొక్కల గుంతలు ముందే తవ్వుకుంటే తర్వాత జాలి కోయాల్సిన పని ఉండదు.

ఇదంతా మృగశిర కార్తె లోపు పూర్తవ్వాలి. పరిచాక నీళ్లు చల్లితే పీచు మెత్తబడి నేలకు అతుక్కుంటుంది. కొన్ని వానల తర్వాత అంచు కొంచెం ఎత్తి చూడండి: జాలి కళ్లలోంచి తెల్లటి వేళ్లు మట్టిలోకి దిగి, జాలి లాగితే మట్టి పెళ్లతో సహా వస్తుంటే పని కుదిరినట్టే.

బొగ్గు కలిసిన షేల్ (పలకల్లా విడిపోయే మట్టిరాయి) వేడెక్కి పొగ వచ్చే చోట దీన్ని పరవకండి, అంటుకుంటుంది. డంపు పైభాగం చదునుగా ఉంటే అక్కడా అక్కర్లేదు. ఆ డబ్బుతో వానలకు ముందే గార్లండ్ డ్రెయిన్ (డంపు చుట్టూ తవ్విన వాననీటి కాలువ) పూడిక తీయించండి.