ఆర్మ్ థ్రస్టా, డబుల్ కిక్కా, ట్రిపుల్ కిక్కా: పలు దెబ్బల ఫైటింగ్ మూవ్‌లలో ఏది మేలు?

పోకెమాన్ అనే జీవులను పోరాడించే వీడియో గేముల్లో ఫైటింగ్ టైప్ మూవ్ (కొట్లాట రకం దాడి) ఒకటి కావలసి వస్తే, 2006లో డైమండ్, పెర్ల్ ఆటలతో వచ్చిన క్లోజ్ కంబాట్‌ను చాలామంది రెండో ఆలోచన లేకుండా పెట్టుకుంటారు. 120 పవర్ (దెబ్బ బలం), 100 అక్యురసీ (దెబ్బ గురి తగిలే శాతం) ఉన్న ఆ మూవ్ ముందు, ఒకే టర్న్‌లో పలుమార్లు కొట్టే మూవ్‌లు అంకెల్లో వెలవెలబోతాయి. అయినా వాటిని వదలని వారున్నారు. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ చుట్టుపక్కల టీ అంగళ్ల దగ్గర సాయంత్రం పూట ఫోన్లో షోడౌన్ అనే ఆన్‌లైన్ పోకెమాన్ పోరు ఆడుకునే విద్యార్థుల మధ్య ఈ వాదన తరచుగా వినిపిస్తుంది. చిత్తూరు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న మా చిన్నాన్న కొడుకైతే, "అయిదు దెబ్బలూ పడితే ఇంకేం కావాలన్నా?" అని ఆర్మ్ థ్రస్ట్ వైపు గట్టిగా నిలబడతాడు. పలు దెబ్బల మూవ్‌కు విలువ దాని మొత్తం పవర్ వల్ల రాదనీ, ఒక్క దెబ్బను మాత్రమే ఆపగలిగే రక్షణను ఛేదించడం వల్లనే వస్తుందనీ నా అభిప్రాయం. ఆ పనికి ఎన్ని దెబ్బలు పడతాయో ముందే తెలిసిన మూవ్ కావాలి.

ముందుగా ఆర్మ్ థ్రస్ట్ సంగతి చూద్దాం. 2002లో రూబీ, శాఫైర్ ఆటలతో మకుహిటా, హరియామా అనే పోకెమాన్‌లతో పాటు వచ్చిన ఈ మూవ్‌కు ఒక్కో దెబ్బకు 15 పవర్ ఉంటుంది, దెబ్బలు రెండు నుంచి అయిదు దాకా పడవచ్చు. అయిదూ పడితే 75 అవుతుంది కాబట్టి ఆశ పుడుతుంది. అయితే 2010 నాటి బ్లాక్, వైట్ ఆటల నుంచి లెక్క ఇలా ఉంది: రెండు దెబ్బలకు 35 శాతం, మూడుకు 35 శాతం, నాలుగుకు 15 శాతం, అయిదుకు 15 శాతం. అంటే పదిసార్లు వాడితే సుమారు ఏడుసార్లు చేతికి వచ్చేది 30 లేదా 45 పవర్ మాత్రమే, సగటు చూసినా 46.5 దాటదు. 120 అటాక్ ఉన్న హరియామా లాంటి బలశాలికి అది తగిన ఆయుధం కాదు. స్కార్లెట్, వయొలెట్ ఆటల్లో వచ్చిన లోడెడ్ డైస్ అనే ఐటం (పోకెమాన్ చేత పట్టించే వస్తువు) పట్టిస్తే నాలుగో అయిదో దెబ్బలు ఖాయంగా పడతాయి, కానీ ఉన్న ఒక్క ఐటం చోటును 60, 75 పవర్ కోసం ఖర్చు చేయడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

ట్రిపుల్ కిక్ మరో తీరుది. 1999 నాటి గోల్డ్, సిల్వర్ ఆటల్లో హిట్‌మన్‌టాప్ కోసం వచ్చిన ఈ మూవ్ మూడు దెబ్బల్లో 10, 20, 30 చొప్పున పెరుగుతుంది. మొత్తం 60 కనుక కాగితం మీద డబుల్ కిక్‌తో సమానంగానే కనిపిస్తుంది. కానీ అక్యురసీ 90, అదీ ప్రతి దెబ్బకూ విడిగా చూస్తారు. ఒకటి తప్పితే మిగిలినవి పడవు, అందువల్ల మూడూ పడే అవకాశం 73 శాతం దగ్గర ఆగిపోతుంది. పైగా సగం బలం చివరి దెబ్బలోనే ఉంది, తప్పిపోయే ప్రమాదం అన్నిటికంటే ఎక్కువగా ఉన్నదీ దానికే. హిట్‌మన్‌టాప్‌కు టెక్నీషియన్ ఎబిలిటీ (పోకెమాన్‌కు ఉండే సహజ శక్తి) ఉంటే 60 లోపు పవర్ ఉన్న మూవ్‌లు ఒకటిన్నర రెట్లవుతాయి కాబట్టి మొత్తం 90కి చేరుతుంది. నిజమే, కానీ అందుకోసం ఎదుటివారి అటాక్‌ను తగ్గించే ఇంటిమిడేట్ అనే మరో ఎబిలిటీని వదులుకోవాలి. ఇద్దరేసి పోకెమాన్ తలపడే జోడీ పోరులో ఇంటిమిడేట్ ఒకేసారి ఇద్దరి మీద పనిచేస్తుంది గనుక అది చాలా పెద్ద మూల్యం.

ఇక డబుల్ కిక్. మొదటి తరం నుంచీ ఉన్న పాత మూవ్, 30 చొప్పున రెండు దెబ్బలు, 100 అక్యురసీ, 30 పీపీ (అన్నిసార్లు వాడుకోవచ్చు). ఇందులో అదృష్టానికి దాదాపు చోటే లేదు. దీని సత్తా తెలియాలంటే ఫోకస్ సాష్ (హెచ్‌పీ, అంటే ప్రాణబలం, నిండుగా ఉంటే ఒక్క దెబ్బకు పడిపోకుండా ఒకసారి కాపాడే ఐటం) పట్టిన వీవైల్ ఎదురుగా ఫైటింగ్ టైప్ పోకెమాన్ హిట్‌మన్‌లీని ఊహించుకోండి. డార్క్, ఐస్ టైపులు రెండూ ఉన్న వీవైల్‌కు ఫైటింగ్ దెబ్బ నాలుగింతలుగా తగులుతుంది. క్లోజ్ కంబాట్ వేస్తే సాష్ పుణ్యమా అని వీవైల్ 1 హెచ్‌పీతో నిలుస్తుంది, ఇటు ఆ మూవ్ వాడినందుకు హిట్‌మన్‌లీకి అసలే 53 ఉన్న డిఫెన్స్ ఒక మెట్టు దిగుతుంది, తర్వాతి టర్న్‌లో ముందుగా కదిలేది 125 వేగం ఉన్న వీవైలే. అదే డబుల్ కిక్ అయితే మొదటి తన్నుకు సాష్ ఖర్చయిపోతుంది, రెండో తన్నుకు వీవైల్ పడిపోతుంది, మన డిఫెన్స్ చెక్కుచెదరదు. సబ్‌స్టిట్యూట్ (తన బదులు దెబ్బలు తినే బొమ్మ) వెనుక దాక్కున్నవారి విషయంలోనూ ఇంతే: మొదటి దెబ్బకు బొమ్మ విరిగితే రెండోది అసలు శరీరానికే తగులుతుంది. అయితే ఎల్లప్పుడూ ఇలాగే జరుగుతుందని అనుకోరాదు. సాష్ లాగే ఒక్క దెబ్బకు పడనివ్వని స్టర్డీ ఎబిలిటీ ఉన్న ఆగ్రాన్‌కు కూడా నాలుగింతల దెబ్బే తగులుతుంది గానీ, దాని డిఫెన్స్ 180 కాబట్టి రెండు తన్నులూ కలిసినా పని పూర్తవుతుందన్న భరోసా లేదు.

దెబ్బలు ఎక్కువైతే నష్టం కూడా ఎక్కువ అవుతుందన్న సంగతి ఆర్మ్ థ్రస్ట్ అభిమానులు మరచిపోతుంటారు. ఫెరోథార్న్‌కు ఐరన్ బార్బ్స్ అనే ఎబిలిటీ ఉంటుంది. తనను తాకిన ప్రతి దెబ్బకూ కొట్టినవారి హెచ్‌పీలో ఎనిమిదో వంతు తీస్తుంది. దానికి రాకీ హెల్మెట్ కూడా పట్టిస్తే ఇంకో ఆరో వంతు పోతుంది. రెండూ కలిపితే ఒక్కో దెబ్బకు 24లో 7 వంతులు. నాలుగు దెబ్బలు పడ్డాయంటే 28 వంతులు, అంటే నిండు ఆరోగ్యంతో దిగిన హరియామా తన దెబ్బలతో తానే కూలిపోతుంది. డబుల్ కిక్ వేసినవారికి 14 వంతులు పోతాయి. అదీ తక్కువేమీ కాదు, కానీ నిలబడి ఉంటారు. ప్రతి దెబ్బకూ డిఫెన్స్ ఒక మెట్టు పెంచుకునే స్టామినా ఎబిలిటీ ఉన్న ఆర్కలూడన్ మీద అయితే ఈ మూడింటిలో ఏదీ వాడకపోవడమే మంచిది, ఎందుకంటే అలా పెరిగిన డిఫెన్స్‌నే అది బాడీ ప్రెస్ అనే మూవ్‌గా మన మీదికి తిప్పికొడుతుంది.

కథ మాత్రమే ఆడుకునేవారికి ఇంత లెక్క అక్కరలేదు. 1998లో జపాన్‌లో విడుదలైన ఎల్లో ఆటలో పికాచూతో మొదలుపెట్టినవారు ఆట తొలి దశలో ఎదురయ్యే ప్రత్యర్థి బ్రాక్ దగ్గరున్న జియోడ్యూడ్, ఆనిక్స్‌ల ముందు కరెంటు పనిచేయక చిక్కుకుంటారు. అప్పుడు 12వ లెవెల్‌కే డబుల్ కిక్ నేర్చుకునే నిడోరాన్ దారి చూపుతుంది. మకుహిటాకు తొలి లెవెళ్లలోనే దొరికే ఆర్మ్ థ్రస్ట్‌ను కూడా అంతకంటే మంచిది దొరికేదాకా ఉంచుకోవచ్చు.

ఇతరులతో పోటీ పడేవారికి మాత్రం నా సలహా ఆట పద్ధతిని బట్టి మారుతుంది. ఒకరితో ఒకరు తలపడే పోరులో స్టెల్త్ రాక్ (పోరులోకి అడుగుపెట్టే ఎదుటివారిని గాయపరిచే రాళ్లు) వేసే పోకెమాన్ జట్టులో ఉంటే, లోపలికి అడుగుపెట్టిన వీవైల్‌కు అప్పుడే నాలుగో వంతు హెచ్‌పీ పోతుంది, నిండు హెచ్‌పీ లేకపోతే సాష్ కూడా, స్టర్డీ కూడా పనిచేయవు. అలాంటప్పుడు డబుల్ కిక్ చేసే పనిని రాళ్లే చేసిపెడతాయి కాబట్టి నాలుగు మూవ్‌లలో ఒక చోటును దానికి ఇవ్వడం వృథా, క్లోజ్ కంబాట్ ఒక్కటే చాలు. జోడీ పోరులో రాళ్లు పరిచే తీరిక అరుదుగా దొరుకుతుంది, సాష్ పట్టినవారు మాత్రం తరచుగా ఎదురవుతారు. అక్కడ హిట్‌మన్‌లీకి క్లోజ్ కంబాట్ పక్కనే డబుల్ కిక్‌ను కూడా ఉంచుతాను, హిట్‌మన్‌టాప్‌కు ట్రిపుల్ కిక్ ఇవ్వకుండా ఇంటిమిడేట్‌నే నమ్ముకుంటాను, హరియామాకు ఆర్మ్ థ్రస్ట్ జోలికే వెళ్లను.