ఆర్‌వీ రూఫ్ ఏసీ మార్చి నాలుగు ఎండాకాలాలు అయింది, ఇప్పుడు రాస్తున్నా

మా పాత ఏసీ చచ్చిపోయింది మధ్యాహ్నం రెండింటికి, అదీ మా ఆర్‌వీ (ఇల్లులా పడుకోవడానికి, వండుకోవడానికి వీలున్న ప్రయాణపు బండి) నిలువు ఎండలో నిలబెట్టి ఉన్నప్పుడు. ఫ్యాన్ తిరుగుతోంది, గాలి వస్తోంది, కానీ కంప్రెసర్ స్టార్ట్ అవ్వబోయి ఓ మూలుగు మూలిగి టక్కుమని ఆగిపోతోంది, మళ్ళీ కాసేపటికి అదే కథ. నాకు తెలిసినంతలో ఇది కెపాసిటర్ (కంప్రెసర్ స్టార్ట్ అవ్వడానికి ఊపిచ్చే చిన్న పార్టు) పోయిన లక్షణం కాబట్టి అది మార్చా, మార్చాక పదిహేను రోజులు బుద్ధిగా పనిచేసింది, ఆ తర్వాత కంప్రెసర్ తిరుగుతున్నా చల్లదనం లేదు. కవర్ తీసి చూస్తే రాగి గొట్టం అతుకు దగ్గర నూనె మరక. అంటే గ్యాస్ లీక్. ఇంట్లో ఏసీకైతే గ్యాస్ నింపించుకుంటాం, ఆర్‌వీ రూఫ్‌టాప్ యూనిట్లు చాలా వరకు ఫ్యాక్టరీలోనే సీల్ చేసేసి వస్తాయి, గ్యాస్ ఎక్కించడానికి వాల్వే ఉండదు. గొట్టం కోసి వాల్వ్ అతికించి గ్యాస్ నింపే మెకానిక్కులు ఉన్నారు గానీ 11 ఏళ్ళ యూనిట్ మీద అంత ఖర్చు పెట్టబుద్ధి కాలేదు. ఇలా కొత్త దాని వేటలో పడ్డా.

ముందే చెప్తున్నా, నేను కొన్న బ్రాండ్ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఓ పదిమంది చూడకుండా అదే కొంటారు, వాళ్ళ బండి డక్టులు (సీలింగ్‌లో చల్లగాలి పోయే దారులు) వేరు, కరెంట్ వేరు, తర్వాత నన్ను తిట్టుకుంటారు. అది మామూలు 13,500 బీటీయూ (ఎంత చల్లబరుస్తుందో చెప్పే కొలత) డక్టెడ్ యూనిట్, పాతకాలం పద్ధతిలో ఆన్ అయ్యి ఆఫ్ అయ్యే కంప్రెసర్, చిన్న హీట్ స్ట్రిప్ (గాలిని వేడి చేసే కరెంట్ తీగ) కూడా ఉంది. అంతే, హంగులేం లేవు. డొమెటిక్, కోల్‌మన్ మాక్, ఫ్యూరియన్ లాంటి తెలిసిన కంపెనీలన్నిట్లో ఈ తరగతి యూనిట్లు దొరుకుతాయి.

అసలు నేను నెల రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నది 13,500 తీసుకోవాలా 15,000 తీసుకోవాలా అని. 12,000 బీటీయూ అంటే ఒక టన్ను, కాబట్టి ఒకటి టన్ను పైన కొంచెం, రెండోది టన్నుంపావు. పెద్దది కొంటే పోలా అని అందరూ అన్నారు, మా బామ్మర్ది అయితే ఆర్డర్ పెట్టేదాకా వచ్చాడు. నన్ను ఆపింది రెండు విషయాలు. ఒకటి మా డక్టులు సన్నం, గాలి సరిగ్గా ముందుకు పోకపోతే పెద్ద యూనిట్ కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) మీద మంచు కట్టి కూర్చుంటుంది, అప్పుడు టన్నుంపావు ఉండీ లాభం లేదు. రెండోది కరెంట్. మాది 30 ఆంప్స్ బండి, 120 వోల్టుల మీద అంటే మొత్తం 3,600 వాట్లు, ఇదే మొత్తం బండికి దిక్కు. ఏసీ నడుస్తూ 13 ఆంప్స్ దాకా లాగుతుంది, గీజర్ కరెంట్ మీద పెడితే ఇంకో 12, ఆ టైంలో ఎవరో ఒకరు మైక్రోవేవ్ నొక్కారంటే ఇంకో 12, మొత్తం 37, బ్రేకర్ పడింది, చీకటి. 50 ఆంప్స్ బండి ఉన్నవాళ్ళకి ఈ గోల ఉండదు, వాళ్ళకి రెండు లైన్లు కలిపి 12,000 వాట్లు, వాళ్ళు పెద్దదే కాదు రెండు పెట్టుకోవచ్చు. మేము లెక్క చూసుకుని బతకాలి. నాలుగేళ్ళ తర్వాత చెప్తున్నా, 13,500 సరిపోయింది, మరీ 40 డిగ్రీలు దాటిన రోజుల్లో సాయంత్రం నాలుగు దాకా లోపల 27 కిందికి దిగలేదు, అది ఒప్పుకోవాలి.

సైజు గురించి పెద్దగా భయపడక్కర్లేదు, రూఫ్ మీద ఓపెనింగ్ దాదాపు అన్ని బళ్ళకీ 14 ఇంచీల చదరమే, ఏ బ్రాండ్ తీసి ఏ బ్రాండ్ పెట్టినా కన్నం సరిపోతుంది. చిక్కు వచ్చేది లోపలి వైపు. పైన యూనిట్ ఒక కంపెనీది, లోపల సీలింగ్‌కి ఉండే గాలి పెట్టె ఇంకో కంపెనీది అయితే ఎక్కువసార్లు కుదరదు, రెండూ కలిపే కొనాలి. థర్మోస్టాట్ కూడా అంతే, పాతవి కొన్ని సాదా వైర్లతో పనిచేసేవి, కొత్తవి కంట్రోల్ బోర్డుతో డిజిటల్‌గా మాట్లాడుకునేవి, గోడ మీద ఉన్నది కొత్త దానితో మాట్లాడుతుందో లేదో కొనకముందే అడిగి తెలుసుకోండి. నేను అడగలేదు, తర్వాత థర్మోస్టాట్ మళ్ళీ విడిగా కొన్నా. ఇంకోటి, యూనిట్ ఎత్తు. పాతదానికంటే కొత్తది నాలుగు వేళ్ళు ఎత్తున్నా సరే బండి మొత్తం ఎత్తు మారిపోతుంది, కొత్త లెక్క కాగితం మీద రాసి డ్రైవర్ సీటు ముందు అతికించుకోండి, కింద నుంచి వంతెన చూసి అంచనా వేసే పని పెట్టుకోకండి.

పైకి ఎక్కించడం ఓ ప్రహసనం. యూనిట్ 40 కిలోల పైనే ఉంటుంది, బరువు ఒక పక్కకే ఎక్కువ ఉంటుంది (కంప్రెసర్ వైపు). నిచ్చెన వాలుగా వేసి అట్టపెట్టెతో సహా తాడు కట్టి పైనుంచి నేను లాగుతుంటే కింద నుంచి బామ్మర్ది నెట్టాడు, ఇప్పటికీ కలిసినప్పుడల్లా నడుం పట్టుకుని చూపిస్తాడు. రూఫ్ మీద నేరుగా నడవకుండా ఒక ప్లైవుడ్ ముక్క వేసుకున్నాం. ఓపెనింగ్ చుట్టూ చెక్క మెత్తబడిందేమో వేలితో నొక్కి చూడండి, మెత్తగా ఉంటే ఏసీ సంగతి తర్వాత, ముందు రూఫ్ సంగతి చూసుకోవాలి.

గాస్కెట్ దగ్గర చాలామంది తప్పు చేస్తారు. యూనిట్‌కి, రూఫ్‌కి మధ్య ఉండే ఆ ఫోమ్ చట్రమే వాన నీళ్ళని ఆపేది. నాలుగు పొడుగు బోల్టులు లోపలి నుంచి బిగిస్తాం, వాటిని మూల మూలకి మార్చుకుంటూ సమానంగా బిగించాలి, గాస్కెట్ నొక్కుకుని దగ్గర దగ్గర అర ఇంచీకి వచ్చేదాకా. బలం ఉంది కదా అని ఇంకా బిగిస్తే లోపలి ఫ్రేమ్ వంగుతుంది, గాస్కెట్ కూడా చచ్చుబడిపోతుంది, అప్పుడు ఇంకా ఎక్కువ కారుతుంది. సిలికాన్ పూయకండి, గాస్కెట్ ఒట్టిదే కూర్చోవాలి. నేను రెండు ట్రిప్పుల తర్వాత ఒకసారి, రెండో ఏడాది ఒకసారి చూసుకుని కొంచెం కొంచెం బిగించా, ఇంతవరకూ చుక్క నీరు రాలేదు.

ఇప్పుడు అసలు కథ. పెట్టిన మొదటి వారం నేను ఈ ఏసీని తిట్టని తిట్టు లేదు. గ్రిల్ దగ్గర చెయ్యి పెడితే చల్లగానే ఉంది, కానీ వెనక బెడ్‌రూమ్ వెంట్‌లో గాలి ముసలాయన ఊదినట్టు వస్తోంది, గది చల్లబడటం లేదు, కంప్రెసర్ మాటిమాటికీ ఆగిపోతోంది, ఒకరోజు ఫిల్టర్ తీసి టార్చ్ వేసి చూస్తే కాయిల్ నిండా మంచు. చెడ్డ పీస్ వచ్చిందని వెనక్కి పంపడానికి సిద్ధమైపోయా. మా ఆవిడ అంది, పంపేముందు ఒకసారి లోపల మూత విప్పి చూడు, మళ్ళీ దాన్ని దింపాలంటే మా తమ్ముడు రాడు అని. విప్పి చూస్తే ఏముంది, చల్లగాలి బయటికి పోయే దారికి, గదిలో గాలి లోపలికి వచ్చే దారికి మధ్య ఉండాల్సిన అడ్డు గోడ పక్కన వేలు దూరేంత సందు. చల్లగాలి డక్టులోకి వెళ్ళకుండా ఆ సందులోంచి మళ్ళీ కాయిల్‌లోకే వెళ్తోంది, అది ఇంకా చల్లబడి మంచు కడుతోంది, సెన్సర్ చూసి కంప్రెసర్‌ని ఆపేస్తోంది. అంతేనా, డక్టు మొదలు దగ్గర చెక్కకీ డక్టుకీ మధ్య ఖాళీ, సీలింగ్ లోపల కాలుతున్న గాలంతా లోపలికి లాగుతోంది, గాలి దారిలో ఫ్యాక్టరీ వాళ్ళు వదిలేసిన రంపపు పొట్టు కూడా ఉంది. అంటే పాత ఏసీ 11 ఏళ్ళూ ఇలాగే పడి పనిచేసింది పాపం.

రెండు రోల్స్ ఫాయిల్ టేప్, ఒక సాయంత్రం. బట్ట టేప్ కాదు, అది వేడికి ఊడిపోతుంది, అల్యూమినియం ఫాయిల్ టేపే. మూలలన్నీ, అడ్డు గోడ అంచులన్నీ, డక్టు మొదలు, ప్రతి వెంట్ దగ్గర డక్టుకి సీలింగ్‌కి మధ్య సందు, అన్నీ మూసేశా. మర్నాడు మధ్యాహ్నం థర్మామీటర్ పెట్టి చూస్తే లోపలికి పోయే గాలికి, వెంట్‌లోంచి వచ్చే గాలికి 11 డిగ్రీలు తేడా, ఈ యూనిట్లకి 9 నుంచి 12 సెల్సియస్ వస్తే ఆరోగ్యంగా ఉన్నట్టే. బెడ్‌రూమ్‌లో దుప్పటి కప్పుకున్నాం ఆ రాత్రి. నెల రోజులు బీటీయూల మీద పీహెచ్‌డీ చేశా గానీ తేడా తెచ్చింది ఆ టేపు.

సాఫ్ట్ స్టార్ట్ (కంప్రెసర్‌ని మెల్లగా స్టార్ట్ చేయించే చిన్న డబ్బా) గురించి అందరూ అడుగుతారు. కంప్రెసర్ స్టార్ట్ అయ్యే క్షణంలో నడిచేటప్పటి కంటే నాలుగైదు రెట్లు కరెంట్ లాగుతుంది, 50 ఆంప్స్ పైకి కూడా కొట్టొచ్చు, రెప్పపాటు కాలమే గానీ చిన్న జనరేటర్ ఆ దెబ్బకే పడిపోతుంది. ఆ చిన్న డబ్బా పెట్టాక మా 2,200 వాట్ల ఇన్వర్టర్ జనరేటర్ మీద ఏసీ లేస్తోంది, జనరేటర్ ఎకో మోడ్ (పొదుపు మోడ్) ఆపేసి, మిగతావన్నీ కట్టేసి. ఒకసారి కొండ మీద 2,100 మీటర్ల ఎత్తులో ఎంత చేసినా లేవలేదు, ఎందుకంటే గాలి పల్చబడితే జనరేటర్ శక్తి ప్రతి 300 మీటర్లకీ సుమారు 3 శాతం పైచిలుకు తగ్గుతుంది, అక్కడికి దాదాపు పావు వంతు పోయింది. బ్యాటరీ మీద నడుపుదాం అనుకునేవాళ్ళకి లెక్క ఇంతే, 12 వోల్టుల 100 యాంపియర్ అవర్ లిథియం బ్యాటరీలో ఉండేది 1,280 వాట్ అవర్లు, ఈ ఏసీ గంట కూడా నడవదు.

తక్కువ వోల్టేజీ ఏసీల పాలిట యముడు, ఇది మాత్రం మర్చిపోకండి. ఎండాకాలం సాయంత్రం క్యాంప్‌గ్రౌండ్‌లో అందరూ ఏసీలు వేస్తే ప్లగ్ దగ్గర 103 వోల్టులు చూశా నేను. వోల్టేజీ తగ్గితే కంప్రెసర్ ఎక్కువ కరెంట్ లాగి వేడెక్కుతుంది, రోజూ అలా నడిస్తే వైండింగ్ (మోటారు లోపలి తీగ చుట్టు) కాలిపోతుంది. తక్కువైతే లైన్ కట్ చేసే రక్షణ డబ్బా ఏసీతో పాటే కొన్నా, అది కట్ చేసిన ప్రతిసారీ పిల్లలు గోల, అయినా తీసెయ్యలేదు. పాత ఏసీకి ఇది లేదు, దాని ఆయుష్షు అలా తగ్గిందేమో అని నా అనుమానం.

మూడో ఎండాకాలంలో ఒక్కసారి మొరాయించింది. మళ్ళీ అదే మూలుగు. ఈసారి భయపడలేదు, మెయిన్ తీసేసి, పైకెక్కి, కెపాసిటర్‌ని డిశ్చార్జ్ చేసి (ఇది చెయ్యకుండా చెయ్యి పెట్టారో, కరెంట్ లేకపోయినా గట్టిగా కొడుతుంది, రాని పనైతే తెలిసినవాళ్ళని పిలవండి) మీటర్ పెట్టి చూస్తే విలువ సగానికి పడిపోయింది. అదే విలువది మామూలు ఏసీ స్పేర్ పార్టుల షాపులో దొరికింది, అరగంటలో పని అయిపోయింది. నేను సాదా యూనిట్ కొన్నది దీని కోసమే. పక్క సైట్‌లో ఒకాయన ఇన్వర్టర్ రకం ఏసీ (కంప్రెసర్ ఆగకుండా వేగం తగ్గించుకుంటూ పెంచుకుంటూ నడిచేది) పెట్టించుకున్నాడు, నిజం చెప్పాలంటే కుళ్ళు పుట్టింది, అంత నిశ్శబ్దం, కరెంట్ కూడా తక్కువ. దాని బోర్డు పోయినప్పుడు మాత్రం పార్టు వచ్చేదాకా మూడు వారాలు కిటికీలు తెరుచుకుని పడుకున్నాడు. ఒకేచోట ఉండేవాళ్ళైతే అది కొనండి, నాలాగా ఊళ్ళు పట్టుకు తిరిగేవాళ్ళు ఆలోచించుకోండి.

నచ్చనివి కూడా ఉన్నాయి. చప్పుడు. ఫ్యాన్ హైలో పెడితే పక్కన కూర్చున్న మనిషితో అరిచి మాట్లాడాలి, లోలో పెడితే పర్లేదు గానీ బాగా ఉక్కగా ఉన్న రాత్రి లోలో గాలి చాలక కాయిల్ మంచు కట్టే ప్రమాదం ఉంది, కాబట్టి ఆ చప్పుడులోనే నిద్ర. కాయిల్ నీళ్ళు రూఫ్ మీదే వదులుతుంది, గోడల మీద నల్ల చారలు. హీట్ స్ట్రిప్ పొద్దున్న చలి విరగడానికి తప్ప నిజమైన చలికి పనికిరాదు. ఫిల్టర్ రెండు వారాలకోసారి కడగాలి, కుక్క ఉంటే వారానికి. ఏడాదికోసారి పై కాయిల్ మీద దుమ్ము మెత్తటి బ్రష్‌తో తీస్తా, నీళ్ళ ప్రెషర్ గన్ వాడితే కాయిల్ మీది సన్నటి రేకు రెక్కలన్నీ పడుకుంటాయి, అనుభవంతో చెప్తున్నా, తర్వాత దువ్వెనతో ఒక్కోటీ లేపుకుంటూ కూర్చున్నా.

ఇంకో చిన్న సంగతి, మధ్యాహ్నం బండి కాలిపోయాక ఏసీ వేస్తే ఏ ఏసీ అయినా ఓడిపోతుంది, పొద్దున్న తొమ్మిదికే వేసి ఉంచండి, రూఫ్ వెంట్ కన్నాల్లో ఫోమ్ దిండ్లు కుక్కండి, ముందు అద్దానికి వెండి రంగు షీట్ కట్టండి. నాలుగు డిగ్రీలు ఇక్కడే దొరుకుతాయి.

పై ప్లాస్టిక్ కవర్ మాత్రం ఎండకి పసుపు తిరిగింది, ఒక మూల సన్నగా పగులు కూడా వచ్చింది, పగులుకి టేప్ వేశా (మళ్ళీ అదే ఫాయిల్ టేప్). తెల్ల పెయింట్ వెయ్యమని మా ఆవిడ నాలుగు నెలల నుంచి అంటోంది, నేనూ నాలుగు నెలల నుంచి సరే అంటున్నా.