కొత్త టైర్లు వేయిస్తున్నారా? ప్రెషర్ లైటు విషయంలో జాగ్రత్త

టైర్లు మార్చాక డ్యాష్‌బోర్డులో టైర్ ప్రెషర్ లైటు వెలిగితే "కొత్త టైర్లు కదండీ, కొన్నాళ్లు తిరిగితే అదే పోతుంది" అని షాపువాళ్లు చెప్పే మాట దయచేసి నమ్మకండి. నాకూ అదే చెప్పారు. కారు లోపలికి ఇచ్చినప్పుడు ఏ లైటూ లేదు, నాలుగు టైర్లూ మార్చి చేతికిచ్చాక మాత్రం స్టార్ట్ చేసిన ప్రతిసారీ ఆ లైటు నిమిషం పైగా ఆరుతూ వెలుగుతూ ఉండి, ఆ తర్వాత ఆరకుండా వెలుగుతూనే ఉండేది.

మళ్లీ వెళ్లి అడిగితే మాట మార్చారు. చక్రాల లోపల ఉండి గాలి ఎంతుందో చెప్పే సెన్సర్లు పాతవి, వాటి బ్యాటరీలు అయిపోయాయి, నాలుగూ మార్చాల్సిందే అన్నారు. బ్యాటరీ అయిపోవడం అబద్ధం కాదు, సాధారణంగా 5 నుంచి 10 ఏళ్లు వస్తుంది, అయిపోతే సెన్సరే మార్చాలి. కానీ నాలుగూ ఒకే పూట, అదీ వాళ్ల చేతిలో ఉన్నప్పుడే పోయాయా? ఒక్కటైనా చెక్ చేయకుండా ఎలా చెప్పారు?

వేరే మెకానిక్ టైరు విప్పకుండానే, వాల్వ్ దగ్గర స్కాన్ టూల్ (సెన్సర్ సిగ్నల్ చదివే పరికరం) పెట్టి చూశాడు. మూడు సెన్సర్లు బాగానే ఉన్నాయి, వెనక ఎడమ చక్రంలోది మాత్రం పలకలేదు. విప్పి చూస్తే అసలు సెన్సరే లేదు, మామూలు రబ్బరు వాల్వ్ బిగించి ఉంది! టైరు ఊడదీసేటప్పుడు మెషిన్ తగిలి సెన్సర్ విరగడం అప్పుడప్పుడూ జరుగుతుందట. విరిగితే చెప్పాలి, లేదా కొత్తది వేయాలి, అంతేగానీ దాచిపెట్టి పైగా నాకే నాలుగు అమ్మాలని చూడటం ఏమిటి?

నాకు ఎక్కువ కోపం తెప్పించింది డబ్బు సంగతి కాదు. అప్పుడే ముందు టైరులో మేకు కనిపించింది, గాలి బాగా దిగిపోయి ఉంది. లైటు ముందే వెలిగి కూర్చుంది కాబట్టి ఈ గాలి తగ్గడం నాకు తెలిసే దారే లేదు. అదే హైవే మీద వేగంగా వెళ్తుండగా అయితే?

అందుకే కారు ఇచ్చే ముందు ఇంజన్ ఆన్ చేసి డ్యాష్‌బోర్డు ఫొటో తీసుకోండి, షాపువాళ్లకు చూపించి మరీ తీయండి. లైటు ఆగకుండా వెలిగితే చాలా కార్లలో గాలి తక్కువని అర్థం, ముందు గేజ్‌తో నాలుగూ చూసుకోండి (డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్‌లో ఉన్న అంకె ప్రకారం, టైరు మీద రాసినది గరిష్ఠ పరిమితి). కాసేపు ఆరుతూ వెలుగుతూ ఉండి తర్వాత ఆరకుండా వెలుగుతూనే ఉంటే సిస్టమ్‌లోనే లోపం. సెన్సర్ మార్చాలంటే ముందు స్కాన్ రీడింగ్ మీ కళ్లముందే చూపించమనండి, పాతది మీ చేతికివ్వమనండి. కొత్తది పంపే రేడియో సిగ్నల్ 315 మెగాహెర్ట్జా, 433 మెగాహెర్ట్జా అన్నది మీ కారుకు సరిపోవాలి, లేకపోతే అది ఉన్నా లేనట్టే. బయట రబ్బరు వాల్వ్ కనిపించినంత మాత్రాన లోపల సెన్సర్ లేదనుకోకండి, రబ్బరు వాల్వ్‌తో వచ్చే సెన్సర్లూ ఉన్నాయి.

ఇంకోటి, కొన్ని కార్లలో చక్రాల్లో సెన్సర్లే ఉండవు, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే సిస్టమ్) ద్వారా చక్రం తిరిగే వేగాన్ని బట్టి గాలి తగ్గిందని కనిపెడతాయి. వాటికి గాలి సరిచేసి రీసెట్ చేస్తే చాలు. అలాంటి కారుకు కూడా టైరు సెన్సర్లు అమ్మబోతే వెంటనే తాళాలు తీసుకుని వచ్చేయండి.