మొడాఫినిల్, దాని ప్రయర్ ఆథరైజేషన్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

మెదడు, వెన్నుపాముల్లో నరాల పైపొర దెబ్బతినే మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్)‌తో వచ్చే నీరసం గురించి ఆ జబ్బున్నవాళ్లకి నేను కొత్తగా చెప్పేదేం లేదు. రాత్రంతా నిద్రపోయినా, స్నానం చేసొచ్చి తల దువ్వుకుందామంటే చెయ్యి పైకి లేవదు. దీనికి నేను కొన్నేళ్లుగా నిద్రమత్తు తగ్గించే మొడాఫినిల్ అనే మందు వాడుతున్నాను. మందు ఎలా పనిచేస్తుందో తర్వాత చెప్తాను, ముందు ఇన్సూరెన్స్ గొడవ, అంటే మందుకి డబ్బు కట్టేముందు కంపెనీ ఇవ్వాల్సిన అనుమతి (ప్రయర్ ఆథరైజేషన్) సంగతి, ఎందుకంటే చాలామంది అక్కడే విసిగిపోయి వదిలేస్తున్నారు.

చిక్కంతా ఒక్కటే. అమెరికాలో మందులకి అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 1998లో ఈ మందుకి అనుమతి ఇచ్చింది నార్కోలెప్సీకి (పగలే ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బు), తర్వాత స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు), షిఫ్ట్ డ్యూటీల వల్ల వచ్చే నిద్రమత్తు చేరాయి. ఎంఎస్ నీరసం ఆ లిస్టులో లేదు. న్యూరాలజిస్టులు రాస్తారు కానీ కాగితం మీద అది ఆఫ్-లేబుల్, అంటే అనుమతి లిస్టులో (లేబుల్‌లో) లేని జబ్బుకి వాడడం. కాబట్టి ఫార్మసీలో ఆగిపోతుంది, డాక్టరు ఆఫీసు నుంచి ఇన్సూరెన్స్ కంపెనీకి ఫారం వెళ్తుంది, కుదరదని రెండు ముక్కల ఉత్తరం వస్తుంది.

ఆ ఉత్తరాన్ని కోపంతో పక్కన పడేయకుండా కారణం ఏం రాశారో చూడండి. ఈ జబ్బుకి అనుమతి లేదన్నారా, ముందు వేరే మందు వాడి చూడమన్నారా, సమాచారం చాలలేదన్నారా? మూడోదైతే తరచూ ఫారంలో ఎవరో ఒక గడి ఖాళీగా వదిలేసి ఉంటారు, ఒక ఫోన్‌తో పోతుంది.

నాకొచ్చింది రెండోది. ముందు అమాంటడిన్ వాడాలట. అది మొదట్లో ఫ్లూకి ఇచ్చిన మందు, ఎంఎస్ నీరసానికి అదీ ఆఫ్-లేబులే! లాజిక్ వెతక్కండి, తలనొప్పి తప్ప ఏం మిగలదు. వాడాను, కాళ్ల మీద వలలాగా ఊదారంగు చారలు వచ్చాయి, డాక్టరు ఆపేశారు. ఎప్పుడు మొదలుపెట్టాం, ఎంత డోసు, ఎందుకు ఆపాం, అన్నీ చార్టులో రాయించాను. మనం నోటితో ఎంత చెప్పుకున్నా లెక్కలోకి రాదు, చార్టులో ఉంటేనే జరిగినట్టు.

తర్వాత డాక్టరు ఉత్తరం. మొదటిసారి పంపినదాంట్లో 'తీవ్రమైన నీరసంతో బాధపడుతున్నారు' అని ఉంది, దాంతో పని కాలేదు. అప్పీలులో నీరసాన్ని కొలిచే ఫెటీగ్ సివియారిటీ స్కేల్ జత చేశాం. తొమ్మిది వాక్యాలుంటాయి, ఒక్కోదానికి 1 నుంచి 7 దాకా అంకె వేయాలి, సగటు 4 దాటితే సాధారణంగా నీరసం ఎక్కువున్నట్టు లెక్క. దాని కింద, మధ్యాహ్నం తర్వాత కారు నడపలేకపోతున్నారు, ఆఫీసులో పని గంటలు తగ్గించుకున్నారు అని మామూలు మాటల్లో రాశారు. థైరాయిడ్, ఐరన్, బీ12 రిపోర్టులు కూడా పెట్టాం, అంటే నీరసానికి వేరే కారణం లేదని చూపించడానికన్నమాట. స్లీప్ స్టడీ చేయించమని డాక్టరు అంటే బద్ధకించకండి. ఒకవేళ ఆప్నియా బయటపడితే దానికి వైద్యం దొరుకుతుంది, పైగా అది లేబుల్‌లో ఉన్న కారణమే.

అప్పటికీ కాదంటే పీర్-టు-పీర్ అడగమని మీ డాక్టర్ని గట్టిగా పట్టుకోండి. మీ డాక్టరు, కంపెనీ డాక్టరు ఫోన్‌లో నేరుగా మాట్లాడుకుంటారు. నా కేసు తేలింది అక్కడే.

ఒక విషయం దాచకూడదు. 2021లో లాన్సెట్ న్యూరాలజీ అనే వైద్య పత్రికలో 141 మంది ఎంఎస్ పేషెంట్ల మీద ట్రయల్ ఒకటి అచ్చయింది. అమాంటడిన్, మొడాఫినిల్, మిథైల్‌ఫెనిడేట్, మూడూ నీరసం విషయంలో ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేయలేదని తేల్చారు, సైడ్ ఎఫెక్టులు మాత్రం ఎక్కువ. కంపెనీ వాళ్లు దీన్ని ఎత్తితే వాదించి లాభం లేదు, అది కొట్టిపారేసే ట్రయల్ కాదు. మేం మాత్రం మందు వేసుకుంటున్నప్పటి స్కోరు, ఆపినప్పటి స్కోరు పక్కపక్కన పెట్టి చూపించాం. నాకు పనిచేస్తోందా లేదా అన్నదే కదా ప్రశ్న.

ఇంతా చేసి మందు ఎలా ఉందంటే, పర్వాలేదు. పొద్దున్న 100 మి.గ్రా. వేసుకుంటాను. ఒంట్లోకి ఓపిక వచ్చేయదు, కాళ్ల బరువు కాళ్లదే. కానీ మగత తగ్గుతుంది, చదివిన పేరానే మళ్లీ మళ్లీ చదివే బాధ పోతుంది, మధ్యాహ్నం దాకా పని నడుస్తుంది. లేటుగా వేసుకున్నానా, రాత్రి నిద్ర గోవిందా. మొదట్లో తలనొప్పి బాగా ఉండేది, ఇప్పుడు అప్పుడప్పుడూ. గర్భం రాకుండా హార్మోన్ మాత్రలు వాడేవాళ్లు తప్పకుండా డాక్టరుతో మాట్లాడాలి, ఇది వాటి పనితనం తగ్గిస్తుంది, మందు ఆపాక కూడా నెల రోజుల వరకు. ఒంటి మీద దద్దుర్లు వస్తే ఆపేసి వెంటనే ఫోన్ చేయండి, అది తేలిగ్గా తీసుకునేది కాదు.

అనుమతి శాశ్వతం అనుకోకండి, నాకు ఏటా రెన్యువల్ ఉంటుంది. గడువుకి నెల ముందే డాక్టరు దగ్గర కొత్త స్కోరు రాయించుకుంటే మధ్యలో మాత్రలు అయిపోయే టెన్షన్ ఉండదు. అన్నిచోట్లా కాదంటే, ఇన్సూరెన్స్ పక్కన పెట్టి జనరిక్ నగదు ధర ఎంతో నాలుగు ఫార్మసీల్లో అడగండి, ఒక్కో షాపుకీ చాలా తేడా ఉంటుంది.