పాత డంజన్, కొత్త రూల్స్: అంకెలు మార్చాలా, రాక్షసుల్నే మార్చాలా?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే సాహస కథల ఆట. 1970ల నాటి సాహసాన్ని దాని అయిదో ఎడిషన్ రూల్స్‌తో ఆడించడానికి దారులు రెండు. పాత అంకెల్ని లెక్కగట్టి మార్చడం ఒకటి. పేరు చూసి కొత్త పుస్తకంలోని రాక్షసుణ్ణి తెచ్చి పెట్టడం రెండోది.

లెక్క తేలికే. పాత ఆర్మర్ క్లాస్‌ని (దెబ్బ తగలడం ఎంత కష్టమో చెప్పే అంకె) 20లోంచి తీసేస్తే కొత్తది వస్తుంది. కానీ ఓగర్ అనే భారీ రాక్షసుణ్ణి చూడండి. 1977 నాటి రాక్షసుల పుస్తకం మాన్‌స్టర్ మాన్యువల్‌లో దాని ఆర్మర్ 5, అంటే ఇప్పటి 15. హిట్ పాయింట్లు, అంటే పడిపోయే ముందు ఓర్చుకునే దెబ్బల లెక్క, సగటున 19. 2014 నాటి అయిదో ఎడిషన్ పుస్తకంలో ఆర్మర్ 11, హిట్ పాయింట్లు 59. లెక్కతో వచ్చిన ఓగర్‌కి దెబ్బ తగలడం కష్టం, తగిలితే ఇట్టే పడిపోతుంది. కొత్తదాన్ని ఎవరైనా కొట్టగలరు, పడగొట్టడమే కష్టం. ఆటగాళ్లకు చేతినిండా పని ఉండేది అక్కడే. నా ఓటు రెండో దారికే.

అయితే మందను పలచన చెయ్యాలి. తిరుపతిలో మా ఆట, కొండమీద డ్యూటీ ఉన్నవాళ్లు దిగొచ్చాక ఆదివారం సాయంత్రం మొదలవుతుంది. గదికి ఆరు ఓగర్లుంటే ఆ ఒక్క గదితోనే రాత్రయిపోతుంది. రెండు చాలు.

ఉచ్చులకు ఈ రెండూ పనికిరావు. పాత విషానికి సేవింగ్ త్రో (గండం తప్పించుకోడానికి వేసే పాచిక) తప్పితే చాలాచోట్ల చావే. నేను దాన్ని డ్యామేజీగా మార్చి, ముందే హెచ్చరికగా పెట్టె తాళం పక్కన పచ్చటి మరక, కింద చచ్చిన ఎలుక చూపిస్తాను. అప్పట్లో బంగారానికీ ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) వచ్చేది కాబట్టే అంత నిధి, సగం కోసేయండి. మ్యాపును మాత్రం ముట్టుకోకండి.