వెలుగుతో క్యాన్సర్ వైద్యం: రంగుమందా, బంగారు రేణువులా?

అమలాపురం దగ్గర ఉండే మా బాబాయికి బుగ్గ లోపలి పుండు నెలలైనా మానలేదు. ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సర్ అని వచ్చింది. ఆపరేషన్ చేసి, తర్వాత కరెంటు (రేడియేషన్) పెట్టాలన్నారు. ఆ రాత్రే తమ్ముడు ఫోన్ చేశాడు: "అన్నయ్యా, లైటు వేస్తే గడ్డ మాడిపోయే నానో మందు వచ్చిందంట. ఆపరేషన్ ఆపేసి దానికి వెళ్దామా?" ఆ టెన్షన్‌లోనే వెలుగుతో చేసే వైద్యాలు రెండూ, అంటే పాత రంగుమందూ, బంగారు నానో రేణువులూ పక్కపక్కన పెట్టుకుని చదివాను.

పాతది రంగుమందు. ఫోటోఫ్రిన్ అనే ఆ మందును నరంలోకి ఎక్కించి, సుమారు రెండు రోజులాగి గడ్డ మీద 630 నానోమీటర్ల ఎర్ర లేజర్ వేస్తారు. వెలుగు తగిలిన మందు అక్కడి ఆక్సిజన్‌నే కణాలకు విషంగా మారుస్తుంది. అమెరికా 1995లో దీన్ని అన్నవాహిక క్యాన్సర్‌కు అనుమతించింది. ఇబ్బందల్లా ఎండ. మందు చర్మంలోనూ నిలుస్తుంది కాబట్టి కనీసం 30 రోజులు ఎండ తగలకూడదు. తెల్లారితే చేలో, పొద్దెక్కితే కొబ్బరితోటలో ఉండే మనిషికి అది ఎంత కష్టమో కోనసీమ వాళ్లకు చెప్పక్కర్లేదు.

బంగారు రేణువులకు ఆ బాధ లేదు. సిలికా గుండు మీద పల్చటి బంగారు పొర ఉంటుంది. కంటికి కనపడని పరారుణ లేజర్ వేస్తే రేణువు వేడెక్కి చుట్టూ ఉన్న కణాలను మాడుస్తుంది. ఆక్సిజన్‌తో పని లేదు. గడ్డ నడుమ ఆక్సిజన్ తక్కువ కాబట్టి ఇది పెద్ద మేలు. పైగా లేజర్‌ను క్షణక్షణం వెలిగించి ఆర్పితే రేణువులు సన్నటి శబ్దం పుట్టిస్తాయి, దాన్ని పట్టి గడ్డ బొమ్మ గీయొచ్చు. చూడటం, చంపడం రెండూ ఒకే రేణువుతో! పనితీరు చూస్తే నా ఓటు దీనికే. కానీ 2019లో వచ్చిన అమెరికా ప్రయోగ ఫలితాలు 16 మంది ప్రొస్టేట్ రోగులవి. బాబాయిది నోరు.

అసలు సంగతి లోతు. బయటి నుంచి వేసే వెలుగు కండలోకి సెంటీమీటరు దాటి బలంగా పోదు. బాబాయికి మెడలో కూడా గడ్డ తగులుతోంది. తల, మెడ క్యాన్సర్లకు 2020లో జపాన్ ఒక కాంతి మందును అనుమతించినా, అది ఆపరేషన్‌కు వీలుపడని వాళ్లకే.

ఇదంతా తమ్ముడికి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఆపరేషన్ తేదీ మార్చొద్దని పొద్దున్నే చెప్పేస్తాను" అన్నాడు.